హ్యాకర్ రాని మ్యూజియం

నా ఉద్యోగం పేరు చెబితే పెళ్లిళ్లలో జనం రెండు రకాలుగా ఉండేవారు. కొందరు వెంటనే తమ ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇది ఊరికే వేడెక్కిపోతోంది, కాస్త చూడమ్మా" అనేవారు. మిగతావాళ్లు నవ్వేవారు. "మ్యూజియానికి సైబర్ సెక్యూరిటీ ఏమిటి? చిరిగిన తెరచాపల్ని, తుప్పు పట్టిన లంగర్లని ఎవరు హ్యాక్ చేస్తారు?" అని అడిగేవారు. వాళ్లన్నది నిజమే. ఎవరూ చెయ్యలేదు. నేను పనిచేసినన్నాళ్లూ బయటివాళ్లెవరూ మా మీద దాడి చెయ్యలేదు. జరిగిన నష్టం మేమే చేసుకున్నాం.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. ఏ కోర్సు చదవాలో, ఏ పరీక్ష రాయాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసిన ఒక సంగతి మాత్రం ఉంది. అది ఏ కోర్సులోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మెట్ల కింద గది

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగం కోసం వచ్చారు. నేను పోర్టు పక్కనే మల్కాపురంలో పెరిగాను. మొదట ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగంలో చేశాను. అక్కడ నా మాట అందరూ వినేవారు. నా మీద గౌరవం ఉండి కాదు. వినకపోతే ఏదో ఒకటి కాలిపోయే ప్రమాదం ఉండేది కాబట్టి. మ్యూజియంలో ఏదీ కాలదు. అందుకని ఎవరూ వినరు.

మాది ఒక ట్రస్టు నడిపే సముద్ర మ్యూజియం. చేరిన రోజు గేటు దగ్గర గార్డు సన్యాసిరావు నా సంచీ మొత్తం వెతికి, టిఫిన్ డబ్బా మూత కూడా తీయించాడు. లోపల ఒక పాత కత్తి చుట్టూ గాజుపెట్టె, పెట్టె చుట్టూ అలారం, అలారం పక్కన ఇంకో గార్డు. సర్వర్ ఎక్కడని అడిగితే మెట్ల కింద గదికి తీసుకెళ్లారు. తుడుపు కర్రలు, వినాయక చవితి మండపం తాలూకు థర్మకోల్ ముక్కలు, వాటి మధ్య సర్వర్. గదికి తాళం లేదు. ఆఫీసు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్.

డైరెక్టర్ వేణుగోపాలరావు గారి దగ్గరికి వెళ్లి, మనిషికో పాస్‌వర్డ్ ఉండాలని చెప్పాను.

ఆయన నొచ్చుకున్నారు. "మనమంతా ఒక కుటుంబం కదా సుజాతా. ఇంట్లో గదికో తాళం వేసుకుంటామా?"

"గదికి వేసుకోం సార్. బీరువాకి వేసుకుంటాం."

"బీరువాలో బంగారం ఉంటుంది. ఇందులో ఏముంది, కాగితాలేగా?"

ఆయన చెడ్డ మనిషి కాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత రాసేది చదివితే మీకు ఆ అనుమానం వస్తుంది. స్కూలు పిల్లలు వస్తే ఒక లంగరు ముందు నిలబడి, దాని కథ గంటసేపు చెప్పగల మనిషి. గాజుపెట్టె మీద ఎవరిదైనా వేలిముద్ర కనిపిస్తే సొంత రుమాలుతో తుడిచేవారు. ఆయన దృష్టిలో కంటికి కనపడేదే వస్తువు. కంప్యూటర్లో ఉన్నది ఆ వస్తువు తాలూకు చిట్టీ, అంతే.

మనిషికో పాస్‌వర్డ్ ఇప్పించడానికి నాకు చాలాకాలం పట్టింది. డైరెక్టర్ గారి లాగిన్ మాత్రం అన్ని తలుపులూ తెరిచేది. వద్దని ఎంత చెప్పినా, "నా మ్యూజియంలో నాకు తెరుచుకోని గది ఉంటుందా?" అనేవారు.

ఎల్లాజీ గొంతు

కొన్నేళ్లకి మా ట్రస్టుకి ఒక మంచి ఆలోచన వచ్చింది. తీరంలో చేపల వేటకి వెళ్లే పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి దాచాలని. రికార్డులు భద్రపరిచే పని నాది కాబట్టి ఒడ్డునున్న యారాడ పల్లెకి నేనూ వెళ్లేదాన్ని. అక్కడ ఎల్లాజీ పరిచయమయ్యాడు. అప్పటికే చూపు మందగించి వేట మానేశాడు. ఆయన పడవ మీద అల్లుడు సింహాచలం వెళ్తున్నాడు. ఎల్లాజీ కూతురు నూకరత్నం మల్కాపురం వీధుల్లో చేపలు అమ్మేది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"మీ అమ్మగారు నాకు తెలుసు మేడం. ఆవిడ బేరం మొదలెడితే నాను గంప ఎత్తేసుకుని ఎల్లిపోయేదాన్ని."

ఎల్లాజీ మొదట తుపానుల గురించి చెప్పాడు, తర్వాత పడవల గురించి. మూడోసారి వెళ్లినప్పుడు నీటి కింద రాతి దిబ్బల గురించి మొదలుపెట్టాడు. సముద్రంలో అక్కడక్కడ అడుగున రాళ్లుంటాయి. చేపలు అక్కడే చేరతాయి. పైనుంచి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనపడదు. ఆ చోటు పట్టుకోవడం తెలిసిన కుటుంబాలు ఆ తెలివి మీదే బతుకుతాయి.

"ఒడ్డు మీద ఒక గుర్తు ఎంచుకోవాల తల్లీ. దాని ఎనకాల ఇంకో గుర్తు దాక్కోవాల. ఇంకో పక్క కూడా అలాగే సూసుకోవాల. రెండు పక్కలూ ఒక్కసారి కుదిరినాయంటే, నీ పడవ కింద రాయున్నట్టే."

అన్నిటికంటే గొప్ప చోటుకి అత్తరాయి అని పేరు. ఎందుకలా అని అడిగాను.

"వల తగులుకుందంటే వదల్దు. అదీగాక మా మావ నాకు పిల్లతో పాటు ఇచ్చినాడు ఆ రాయి. ఇంకెవులికీ సెప్పలేదు."

ఏ కొండ దేని వెనక దాక్కోవాలో ఆయన పూసగుచ్చినట్టు చెప్పాడు. నేను మాత్రం ఇక్కడ రాయను.

పక్కనే చేపలు తోముతున్న నూకరత్నం చెయ్యి ఆపింది. "అయ్యా, ఆగు. ఆ డబ్బా వింటంది." రికార్డర్ వైపు చూపించి, ఆ రోజు మాతో వచ్చిన డైరెక్టర్ గారిని అడిగింది. "ఇది ఎవులెవులు వింటారు సార్?"

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "మీ అనుమతి లేకుండా ఎవరూ వినరమ్మా. మా సుజాత మేడం తాళం వేస్తారు."

"మరి ఎందుకు రాసుకోడం, ఎవులూ వినకపోతే?"

ఈ ప్రశ్నకి మేం జవాబు వెతుక్కుంటుంటే ఎల్లాజీ అడిగాడు. "నాను సచ్చిపోనాక కూడా నా గొంతు ఉంటాదా తల్లీ?"

"ఉంటుంది" అన్నాను.

"అయితే ఉండనీ" అన్నాడు కూతురితో. తండ్రి మొహంలో కనపడిన ఆశ చూశాక ఆమె మళ్లీ పనిలో పడింది. చేపలు తోముకుంటూ, "తాళం గట్టిగా ఎయ్యండి" అంది.

ఆ రికార్డులని విడిగా ఒక చోట పెట్టి మూసేశాను. నా లాగిన్‌కీ, డైరెక్టర్ గారి లాగిన్‌కీ తప్ప అవి తెరుచుకోవు.

కుంకుమ బొట్టు పెట్టిన పెట్టె

తర్వాత కొత్త గ్యాలరీ కట్టారు. దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారన్నారు. మ్యూజియంలో ఏ పని జరగాలన్నా డబ్బు కంటే, మనుషుల కంటే ముందు మంత్రిగారు రావాలి. నేను ఎంతోకాలంగా అడుగుతున్న ఫైర్‌వాల్ కూడా ఆ ఊపులోనే వచ్చింది. బయటి నుంచి మా కంప్యూటర్లలోకి వచ్చేవాటిని తనిఖీ చేసే పరికరం అది. మా సన్యాసిరావు గేటు దగ్గర చేసే పనే, టిఫిన్ డబ్బా గొడవ లేకుండా.

బిగించబోతుంటే డైరెక్టర్ గారు ఆపేశారు. "మంత్రిగారు స్విచ్ వేస్తారు. మనం ముందే వేసేస్తే ఆయన ఏం వేస్తారు?"

పెట్టెకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పట్టుగుడ్డ కప్పి టేబుల్ మీద ఉంచారు. అది అలా ముహూర్తం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

గ్యాలరీలో పెద్ద తెర పెట్టే పని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. ఆ కంపెనీ తరఫున వచ్చినాయన చాలా మర్యాదస్తుడు, అంతకంటే తొందరపాటు మనిషి. రికార్డులన్నీ కావాలన్నాడు. నేను విడదీసి, బయటికి ఇవ్వదగ్గవి డిస్కులో ఇస్తానన్నాను.

"అన్నీ ఉంటేనే మజా మేడం."

"కొన్ని మావి కావు. మా దగ్గర దాచుకోమని ఇచ్చారు."

ఆయన నవ్వి, తల ఊపి, నేరుగా డైరెక్టర్ గారి గదికి వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఏం జరిగిందో మాత్రం తర్వాత తెలిసింది. సుజాత ఆలస్యం చేస్తోందని డైరెక్టర్ గారు తన లాగిన్, పాస్‌వర్డ్ రెండూ ఆయనకి వాట్సాప్‌లో పంపేశారు. కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టారు.

ప్రారంభోత్సవం రోజు తీగలు తగిలించాక మంత్రిగారు ఫైర్‌వాల్ స్విచ్ వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొత్త గ్యాలరీకి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎవరినీ లోపలికి రానివ్వకూడదని పుట్టిన పరికరం అది. పరిచయం చెయ్యకుండా స్విచ్ వేస్తే అందరినీ ఆపేస్తుంది. డైరెక్టర్ గారు సైగ చేస్తే నేను మెట్ల కింద గదిలోకి పరిగెత్తి, దారి తెరిచి, సభ అయ్యేదాకా అక్కడే ఉన్నాను. పై నుంచి చప్పట్లు వినిపించాయి. తెర మీద మంత్రిగారు ఏదో ముట్టుకుంటే చేప ఎగిరిందట. పిల్లల కోసం ఒక ఆట పెట్టారట. దాని పేరు 'చేపను పట్టండి'. అదే ఆట మ్యూజియం వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు. నేను విడదీసి ఇచ్చిన రికార్డులే వాడారనుకుని దాన్ని తెరిచి చూడలేదు.

ఆ తర్వాతి వారాల్లో మాకొక సర్టిఫికెట్ వచ్చింది. మా సమాచారం సురక్షితంగా ఉందని తనిఖీ చేసినవాళ్లు ధ్రువీకరించారు. దానికి ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో తగిలించారు.

గేటు దగ్గర గొంతు

ఒకరోజు ఉదయం గేటు దగ్గర కేకలు. వెళ్లి చూస్తే నూకరత్నం. సన్యాసిరావు ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"గంప బయటెట్టి రాయే అమ్మా. లోపలికి వాసనొత్తాది."

"నా గంపలో ఏటున్నాదో సూత్తావు గాని, నీ మేడ లోంచి ఏటి బయటికెల్లిపోనాదో సూసుకోవేటి?"

నన్ను చూసి ఆమె అరవడం ఆపేసింది. అది అరుపు కంటే భయంగా అనిపించింది. ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టింది. ఎల్లాజీ గొంతు. అత్తరాయి గురించి, ఏ కొండ దేని వెనక దాక్కోవాలో, తాపీగా చెబుతున్నాడు.

"హార్బర్‌లో టీ కొట్టు కాడ మా అయ్య గొంతు వినిపిత్తంది మేడం. ఎవులెవులో సుట్టూ కూకుని, ఫోన్లో ఎట్టుకుని ఇంటన్నారు. ఏటిది?"

"నూకరత్నం, నాకు తెలీదు. ఇప్పుడే చూస్తాను."

"మొన్న మా ఆయన ఎల్లేసరికి అత్తరాయి మీద జాతర. పెద్ద మోటారు బోట్లు. ఎక్కడెక్కడి బోట్లో. రాయి పోనాది సరే. ఊళ్లో ఏటంతన్నారో తెలుసా? ఎల్లాజీ మ్యూజియమోళ్ల కాడ డబ్బులు తీసుకుని అమ్మేసినాడంతన్నారు. మా అయ్య రెండ్రోజులనుంచి బయటికి రాలేదు. తిండి తింటంలేదు."

ఆమెని లోపలికి తీసుకెళ్లి పెద్ద తెర చూశాను. నీలం సముద్రం, దాని మీద అక్కడక్కడ మెరిసే చుక్కలు. చుక్కని ముట్టుకుంటే చేప ఎగురుతుంది. ఇంకోసారి ముట్టుకుంటే 'ఒక స్థానిక మత్స్యకారుడి మాటల్లో' అని ఎల్లాజీ గొంతు వస్తుంది. రికార్డులో చెప్పిన గుర్తుల్ని బట్టి కంపెనీవాళ్లు మ్యాపు మీద చోట్లు లెక్కకట్టి, చుక్కలు పెట్టారు. ఒక కుటుంబం తరతరాలుగా దాచుకున్నది బడిపిల్లలకి ఆట చేసి ఇచ్చాం. దాని కింద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

నేను తెర తీగ గోడలోంచి లాగేశాను. ఆడుకుంటున్న పిల్లలు గోల చేశారు. వెబ్‌సైట్‌లోని ఆటని కూడా మూయించాను. మూసిపెట్టిన రికార్డులు ఎవరి లాగిన్‌తో తెరుచుకున్నాయో చూశాను. అయితే అప్పటికే ఆ గొంతు ఫోన్ల నుంచి ఫోన్లకి వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి పిలిచే యంత్రం లేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఏ పేరుతో ఏ సాఫ్ట్‌వేర్ అమ్మినా ఆ యంత్రం మాత్రం అమ్మడం లేదు.

డైరెక్టర్ గారు కంగారుగా వచ్చారు. "హ్యాక్ అయ్యామా?"

ఆ మాట అడిగినప్పుడు ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. అందులో భయం ఉంది, కొంచెం ఆశ కూడా ఉంది. హ్యాక్ అవడం గౌరవమైన విషయం. పెద్ద పెద్ద బ్యాంకులకి జరుగుతుంది.

"లేదు సార్. మీ లాగిన్‌తో వచ్చి తీసుకెళ్లారు."

"నా లాగిన్‌ని హ్యాక్ చేశారా?"

"మీరే ఇచ్చారు సార్."

ఆయన ఫోన్ తీసి పైకి జరుపుతూ చూశారు. చేతులు జోడించిన బొమ్మ దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

మర్నాడు నా టేబుల్ మీద ఒక పత్రికా ప్రకటన ఉంది. మ్యూజియం మీద గుర్తు తెలియని వ్యక్తులు సైబర్ దాడి చేశారని, విదేశీ శక్తుల ప్రమేయాన్ని కొట్టిపారేయలేమని. కింద సాంకేతిక నివేదిక జతచేసి నేను సంతకం పెట్టాలి.

"పెట్టను సార్."

"ఎందుకింత పట్టుదల? నీ రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది. ఈ సమయంలో నీకూ నాకూ తలనొప్పి ఎందుకు?"

"దాడి జరిగిందంటే ఊళ్లోవాళ్లు నమ్మరు సార్. ఎల్లాజీ అమ్మేశాడు, వీళ్లు కప్పిపుచ్చుతున్నారు అనుకుంటారు. మీరు యారాడ రండి. జరిగింది చెప్పండి."

"నేనా? అక్కడికా?" అన్నారు, విదేశీ శక్తుల దేశానికి రమ్మన్నట్టు.

నేను వాదించలేదు. రికార్డు తెరిచి వినిపించాను. చేపలు తోముతున్న చప్పుడు, నూకరత్నం ప్రశ్న, ఆ వెంటనే ఆయన గొంతు. "మీ అనుమతి లేకుండా ఎవరూ వినరమ్మా." అది కూడా బయటికి వెళ్లిన దాంట్లో ఉంది. టీ కొట్టు దగ్గర అందరూ విన్నారు.

ఆయన ఆ ప్రకటనని నా టేబుల్ మీంచి తీసేసుకున్నారు. తర్వాత, "కారు రెడీ చెయ్యమను" అన్నారు. సిగ్గుతో వచ్చారో, ఆ మాట పేపర్లో పడుతుందన్న భయంతో వచ్చారో నాకు తెలియదు. అడగలేదు. పై అధికారి సరైన పని చెయ్యడానికి సిద్ధపడితే కారణం వెతక్కండి. కారు పిలవండి.

ఎవులు?

సాయంత్రం యారాడలో పడవల దగ్గర జనం చేరారు. సింహాచలం ఒక పక్కగా నిలబడ్డాడు. నూకరత్నం తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పడవ అంచు మీద కూర్చోబెట్టింది. మనిషి సగమైపోయాడు. జనంలో ముందు నిలబడ్డవాడు పోలిరాజు. ఎల్లాజీ అమ్మేశాడని గట్టిగా అన్నది ఇతనేనని నూకరత్నం నాకు చెప్పింది.

డైరెక్టర్ గారు జేబులోంచి కాగితం తీసి చదివారు. "సాంకేతిక కారణాల వలన, సంస్థ వద్ద భద్రపరచబడిన సమాచారం అనుకోకుండా బహిర్గతమైనది. ఇందుకు సంస్థ విచారం వ్యక్తం చేయుచున్నది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకూడదనే అలాంటివి రాస్తారు.

నూకరత్నం అడిగింది. "ఎవులు సార్?"

"అంటే... సమాచారం బహిర్గతమైంది."

"అయింది సరే. సేసింది ఎవులు?"

"మేం పని అప్పగించిన కంపెనీవాళ్లు..."

"కంపెనీయోళ్లకి తాళం ఎవులిచ్చినారు?"

"సంస్థ తరఫున..."

"సంస్థంటే ఎవులు సార్? మనిషేనా?"

ఆయన నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. ఆయన కాగితాన్ని మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"నేనేనమ్మా" అన్నారు. "ఎవరూ వినరని నీకు మాటిచ్చింది నేనే. నా తాళం తీసి వాళ్లకి ఇచ్చింది నేనే. తొందర పడ్డాను. ఎల్లాజీ గారి తప్పు ఇందులో ఏమీ లేదు."

పోలిరాజు ముందుకొచ్చాడు. "అయితే మావ డబ్బులు తీసుకోలేదేటి?"

"ఒక్క రూపాయి ఇవ్వలేదయ్యా. నిజం చెప్పాలంటే మేం ఆయనకి ఏమీ ఇవ్వలేదు. టీ తప్ప."

పడవ మీంచి ఎల్లాజీ తలెత్తాడు. "ఆ టీలో సక్కెర కూడా లేదురా" అన్నాడు.

ముందు ఎవరో ఆడమనిషి నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. పోలిరాజు వచ్చి ఎల్లాజీ పక్కన పడవ మీద కూర్చున్నాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. బీడీ తీసి ఒకటి ఆయనకిచ్చి, ఒకటి తను వెలిగించుకున్నాడు. నేను ఈ ఉద్యోగంలో చదివిన విచారణ నివేదికల్లో ఏదీ అంత బాగా ముగియలేదు.

బీడీ సగం కాలాక ఎల్లాజీ నన్ను పిలిచాడు. "ఆ తెర మీద నా పేరు ఉన్నాదా తల్లీ?"

"లేదు. స్థానిక మత్స్యకారుడు అని ఉంది."

"కంపెనీ పేరు?"

"ఉంది."

"పోనాది ఎలాగూ పోనాది. పేరైనా ఎయ్యాల్సింది" అన్నాడు. తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు.

డైరెక్టర్ గారు అప్పుడు కారులోంచి ఒక శాలువా తెప్పించారు. మ్యూజియం మనుషులకి కష్టం వచ్చినా, సంతోషం వచ్చినా శాలువా తప్ప ఇంకేమీ తోచదు. నూకరత్నం అడ్డు నిలబడింది. "అది కార్లో పెట్టించేయండి సార్. మా అయ్య రికార్డులు మాకు ఇచ్చేయండి. మీ కాడ ఒక్కటి కూడా ఉండకూడదు."

"అవి సంస్థ ఆస్తి అమ్మా..." అని మొదలుపెట్టి ఆయన మధ్యలో ఆగిపోయారు. "సంస్థంటే ఎవులు" అని మళ్లీ అడుగుతుందని తోచినట్టుంది. "ఇచ్చేస్తాం" అన్నారు.

ఇది ఇక్కడితో సుఖంగా ముగిసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఎల్లాజీ పరువు తిరిగొచ్చింది. అత్తరాయి రాలేదు. ఆ సీజన్ అంతా బోట్లు దాన్ని వదల్లేదు. చేప పలచబడ్డాక వాళ్లే వేరే చోటు వెతుక్కుని పోయారు. సింహాచలం ఇప్పుడు ఇంకా దూరం వెళ్లాలి. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఇంటికి రావడం ఆలస్యమవుతుంది. ఆలస్యమైన ప్రతిసారీ నూకరత్నం ఒడ్డుకి వచ్చి నిలబడుతుంది. హ్యాకర్ అయితే కనీసం పట్టుకుని జైల్లో పెడతారు. మేం చేసిన దానికి ఏ సెక్షనూ లేదు.

డైరెక్టర్ గారు మారారు. తన లాగిన్ ఎవరికీ ఇవ్వడం మానేశారు. కొత్త పాస్‌వర్డ్ ఎంత గట్టిది పెట్టుకున్నారంటే, అది ఆయనకే గుర్తుండక వారం వారం నాకు ఫోన్ చేసేవారు.

అటు తిరుగు

రికార్డులు తిరిగి ఇవ్వడానికి ట్రస్టు ఒప్పుకునేలోపు ఎల్లాజీ పోయాడు. ఆ కాగితాల కథ ఇక్కడ చెప్పను. చెబితే మీరు ఈ ఉద్యోగంలో చేరరు.

నా వీడ్కోలు సభలో డైరెక్టర్ గారు మైకు ముందు నిలబడి, "మా సుజాత హయాంలో ఒక్క సైబర్ దాడి కూడా జరగలేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నా కళ్లలోకి చూడలేదు. నేనూ ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు కదా.

కొన్నాళ్లకి ట్రస్టు ఒప్పుకుని కబురు చేస్తే, మ్యూజియానికి వెళ్లి ఎల్లాజీ రికార్డులన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి, అక్కడున్నవన్నీ చెరిపించి, యారాడ వెళ్లాను. ఆ డిస్కు మీద అంకెల మీటలుంటాయి. సరైన అంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. నూకరత్నం కూతురు దువ్వాడలో కాలేజీకి వెళ్లింది గానీ, ఆ పిల్ల కంప్యూటర్ ఇంట్లోనే ఉంది. డిస్కు దానికి తగిలించి, నేను తాత్కాలికంగా పెట్టిన అంకెలతో తెరిచి వినిపించాను. ఎల్లాజీ ఏదో తుపాను గురించి చెబుతున్నాడు. ఆమె ఏడుస్తుందేమోనని మొహం పక్కకి తిప్పుకున్నాను.

"తప్పు సెప్తన్నాడు" అంది ఆమె. "ఆ తుపానుకి నాను పుట్టనేలేదు. నన్ను సంకనేసుకుని కొండెక్కినానంతన్నాడు, సూడు."

ఇద్దరం ఇంకాసేపు విన్నాం. తర్వాత నేను నా అలవాటు కొద్దీ అన్నాను. "ఇంకో కాపీ తీసి వేరే చోట పెడదామా? ఇది పాడైపోతే మళ్లీ రాదు."

"వద్దు మేడం. పాడైపోతే పాడైపోనీ. ఇంకో కాపీ ఉంటే దానికి ఇంకో తాళం, ఆ తాళానికి ఇంకో మనిషి."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాపీలు తీయమని అందరి ప్రాణాలు తోడినదాన్ని. అయినా సరేనన్నాను. ఏది పోకుండా చూడాలో చెప్పడం నా వృత్తి. ఏది పోయినా ఫరవాలేదో చెప్పే హక్కు ఆమెది.

కొత్త అంకెలు ఎలా పెట్టుకోవాలో చూపించాను. "ఇవి నువ్వే పెట్టుకోవాలి. మర్చిపోతే ఎవరూ తెరవలేరు. నేను కూడా తెరవలేను. ఎక్కడైనా రాసి పెట్టుకో."

"మా అయ్య రాసుకున్నాడేటి?" అంది.

డిస్కు ఒళ్లో పెట్టుకుని మీటల మీద వేలు పెట్టింది. ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. ఎంతో మర్యాదగా చెప్పింది.

"అటు తిరుగు మేడం."

మంత్రులకి, డైరెక్టర్లకి, ఇంజినీర్లకి ఏళ్ల తరబడి చెప్పాను, అంకెలు నొక్కేటప్పుడు పక్కన ఎవరున్నా సరే అటు తిరగమని అడగండని. ఒక్కరూ అడగలేదు. మొహమాటం. అడిగిన మొదటి మనిషి నూకరత్నం.

నేను తిరిగాను. గుమ్మంలోంచి పడవలు, వాటి వెనక సముద్రం కనిపిస్తున్నాయి. నా వెనక మీటలు ఒక్కొక్కటే కీచుమంటున్నాయి. అవి ఎన్నో నా చెవులు లెక్కపెట్టకుండా ఉండాలని, ఒడ్డున వల లాగుతున్నవాళ్ల కేకలు వింటూ నిలబడ్డాను.